గడపగా బోర్లించిన రాయి

ఆ స్టేషను పేరు రాయను. కుప్పం పక్కన పాసింజరు బండ్లు మాత్రమే ఆగే చిన్న స్టేషను అని చెబితే చాలు. అక్కడ జరిగిన తప్పు నాది. ఇప్పుడు అక్కడ టికెట్టు ఇచ్చేవాళ్లకూ జెండా చూపేవాళ్లకూ దానితో ఏ సంబంధమూ లేదు.

మాది పుంగనూరు. మా ఊరికి రైలు లేదు. చిన్నతనంలో రైలు చూడాలంటే మదనపల్లెకు బస్సులో పోయి, అక్కడి నుంచి ఊరికి దూరంగా ఉండే స్టేషనుకు మళ్లీ పోవాల్సి వచ్చేది. మొదటిసారి మా నాయన తీసుకుపోయినప్పుడు బండి కంటే స్టేషనే నాకు బాగా గుర్తుండిపోయింది. సున్నం కొట్టిన గోడలు, ఎర్రటి నేల, లోపల ఎవరూ లేకున్నా తెరిచే ఉన్న తలుపులు. తర్వాత మదనపల్లెలోనే చదువుకొని, కట్టడం పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. డెబ్బైల నడుమ ఆయనకు కుప్పం పక్క స్టేషనును బాగుచేసే పని దొరికితే నన్ను అక్కడ పెట్టాడు. అప్పటికి నాకు పెళ్లై ఏడాది. కింద పాతికమంది కూలీలు, చేతిలో ఒక ప్లాను. నాకు తెలియని పని లేదనుకునే వయసు.

పాత స్టేషను చాలా చిన్నది. రైలుదారి వేసిన కాలంలో కట్టిన ఒక గది, దాని ముందు ఒక వసారా. గోడలు గీకిస్తుంటే సున్నం కింద పసుపు, పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద మళ్లీ సున్నం బయటపడ్డాయి. టికెట్ల కిటికీ కింది రాయి మనుషుల మోచేతులకు అరిగి పళ్లెంలా గుంట పడింది. గంటకు బదులు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. ప్లాట్‌ఫారం పేరుకే; జానెడు ఎత్తు మట్టి, అంచున రాళ్లు. బండి ఎక్కాలంటే కమ్మీ పట్టుకొని ఒంటిని పైకి లాక్కోవాలి. ఆ ప్లాట్‌ఫారం ఎత్తు పెంచడం, రోడ్డు నుంచి పైకి మెట్లు కట్టడం, కొత్తగా ఒక వెయిటింగ్ హాలు కట్టి సిమెంటు నేల వేయడం మా పని.

మెట్లు రావాల్సిన చోట ఒక రాయి ఉండేది. నిలువుగా పాతిన రెండు బండలు, వాటి మీద అడ్డంగా ఒక నున్నటి పలక. ఎత్తు మనిషి భుజాలకు కాస్త పైన. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు బంతిపూల గంపలు, చింతపండు బుట్టలు, సీతాఫలాలు నెత్తిన పెట్టుకొని మైళ్లు నడిచి బండికి వచ్చేవాళ్లు. నెత్తిన అంత బరువు ఉన్నప్పుడు దించుకోవడం ఒక్కరి వల్ల కాదు; ఇంకొకరు చెయ్యి వేయాలి. ఈ పలక ఉంటే ఎవరినీ అడగనక్కర్లేదు. పక్కకు వచ్చి తల కాస్త వంచితే గంప నెత్తి మీది నుంచి పలక మీదికి జరిగిపోతుంది. బండి కూత వినబడగానే మళ్లీ అట్లాగే నెత్తికెక్కుతుంది. తమిళం మాట్లాడేవాళ్లు దాన్ని సుమైతాంగి అనేవారు. తెలుగువాళ్లు బరువురాయి అనేవారు.

ప్లానులో ఆ రాయి లేదు. తీసేయమన్నాను. మా మేస్త్రీ తమిళుడు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. గడ్డపార ముట్టుకోలేదు.

"ఇది మామూలు రాయి కాదు సార్. కడుపుతో సచ్చిపోయిన ఆడమనిషి కోసరం నిలబెట్టింది. కాన్పు కాకుండా పోయినోళ్లకు బరువు దిగదు. ఇంకొకరు ఈడ బరువు దించితే ఆయమ్మది రవంత దిగినట్టు."

"నీకెవరు చెప్పినారు?"

"రాతి మీదనే ఉండాది, సూడండి."

పలక పైముఖాన ఒక కొసన అక్షరాలున్నాయి. గంపలు జరిగి జరిగి సగం అరిగాయి. ఒక ఆడమనిషి పేరు, ఎవరి భార్యో, ఏ ఊరో.

"అయితే మెట్లు యాడ కట్టమంటావు, గాల్లోనా?" అన్నాను.

"నాలుగడుగులు పక్కకు జరిపి మళ్లా నిలబెడదాం సార్. ఒక పూట పని. ఆయమ్మ తాలూకు వాళ్లను ఒక మాట అడగండి."

నేను ఎవరినీ అడగలేదు. రాయి తీయించి సున్నం కుప్ప పక్కన వేయించాను. పక్కకు జరిపి నిలబెట్టే ఉద్దేశం అప్పటికి ఉందనే అనుకుంటాను. వారం తిరిగేసరికి వెయిటింగ్ హాలు వాకిలికి గడపరాయి కావలసి వచ్చింది. వాకిలి వెడల్పైనది, అంతటికీ ఒకే రాయి రావాలి. గని నుంచి వచ్చిన రాయి బీటతో వచ్చింది. పని చూడటానికి పెద్దవాళ్లు వచ్చే రోజు దగ్గర పడింది. ఆ పలకను కొలిచి చూస్తే వాకిలికి సరిగ్గా సరిపోయింది.

"గడపకు వద్దు సార్. అందరూ తొక్కుతారు" అన్నాడు మేస్త్రీ.

"అక్షరాలు కిందికి పెట్టు."

అతను తాపీ కింద పెట్టి అవతలికి పోయాడు. ఇద్దరు కూలీల చేత నేనే దగ్గరుండి వేయించాను.

తర్వాత చాలాకాలం, ఆ ఆచారం నాకు సరిగా తెలియదనీ మా పుంగనూరు వైపు అట్లాంటి రాళ్లు చూడలేదనీ నాకు నేను చెప్పుకున్నాను. తెలియనివాడు అక్షరాలు కిందికి పెట్టమనడు.

పది రోజుల తర్వాత ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నెత్తిన బంతిపూల గంప. రాయి ఉన్నచోట గుంత చూసి ఆగి, గంపతోనే నా వైపు తిరిగింది.

"ఏమప్పా ఓవర్సీరూ, మా అక్క యాడుండాది?"

"ఏ అక్క?"

"ఈడ నిలబడుకోని ఉన్నింది గదా. ముప్పై ఏండ్లుగా యాడికీ పోనిది, నువ్వు వచ్చినాక యాడికి పాయె?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఒకామె చెయ్యి వేసి గంప దించింది. అప్పుడు ఆమె నాకు సంగతి చెప్పింది. రాతి మీది పేరు తన భర్త మొదటి భార్యది. నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాకపోతే, పెద్దాసుపత్రికి తీసుకుపోదామని ఎద్దులబండిలో ఈ స్టేషనుకు తెచ్చారు. రైలు వచ్చేలోపల ఈ వసారాలోనే ప్రాణం పోయింది. అప్పటి స్టేషను మాస్టరు ఒప్పుకుంటే ఇక్కడే రాయి నిలబెట్టారు. మరుసటి ఏడాది ఆ పోయినామె భర్త ఈమెను చేసుకున్నాడు.

"ఆ పొద్దు నుంచి ఆయప్ప రైలెక్కలే. ఈ దిక్కుకే రాడు" అంది. "నేను కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్త నన్ను ఈడికి పిల్చుకోని వచ్చి, ఇదో మీ అక్క, ఏ బరువు తెచ్చినా ముందు ఈమె మీద దించు అనె. నాకు నలుగురు బిడ్లు. నలుగురు కడుపులో ఉన్నప్పుడూ గంప ఈడనే దించినా. ఒక్కరికీ ఏమీ కాలే. ఇంతకీ యాడ పెట్టినావు?"

గడప ఆమెకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. "గోడౌనులో భద్రంగా పెట్టించాను. పని అయిపోయినాక మళ్లీ నిలబెడతాం" అన్నాను. కాస్త దూరంలో సున్నం కలుపుతున్న మేస్త్రీ తల ఎత్తలేదు.

"నిలబెట్టినావా, పడుకోబెట్టినావా?"

"పడుకోబెట్టాం."

"పోనీలే. ఇన్నేండ్లూ నిలబడే ఉన్నింది. రవంత పడుకోనీ."

మళ్లీ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె గంపలోంచి దోసెడు పూలు తీసి నా చేతుల్లో పోసింది. "గోడౌన్లోకి నన్ను రానీరు గదా. నువ్వే పెట్టు."

ఆ పూలు తీసుకుపోయి సిమెంటు మూటల మీద పెట్టాను. అప్పటి నుంచి సంత రోజుల్లో ఆమె వచ్చినప్పుడల్లా పూలిచ్చేది, నేను తీసుకునేవాణ్ణి. "మా అక్క ఏమంటాది?" అని అడిగేది. "బాగుంది" అనేవాణ్ణి. ఒకరోజు మేస్త్రీ సిమెంటు మూట ఎత్తితే ఎండిపోయిన పూలన్నీ కింద పడ్డాయి. అతను వాటిని ఒక్కొక్కటీ ఏరి తువ్వాల్లో కట్టుకొని తీసుకుపోయాడు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

ఒక మధ్యాహ్నం వాన ఉన్నట్టుండి పట్టుకుంది. ప్లాట్‌ఫారం మీది వాళ్లంతా కొత్త హాల్లోకి పరిగెత్తారు. ఆమె అందరికంటే చివర వచ్చి, లోపల చోటు లేక గడప మీదనే నిలబడి కొంగు పిండుకుంది. నీళ్లు రాతి మీద కారాయి.

"హాలు బాగా కట్టినావప్పా" అంది నన్ను చూసి. "కాలికి సల్లగుండాది."

వాన తగ్గేదాకా ఆమె అక్కడే నిలబడింది. నేను కాగితాలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

నా భార్యకు తొమ్మిదో నెల పడినప్పుడు, ఆమెను మదనపల్లెలో పుట్టింటికి పంపడానికి పుంగనూరు వెళ్లాను. అన్నం తింటూ మా అమ్మకూ ఆమెకూ ఈ సంగతి ఒక వింత కథలా చెప్పాను. అక్క, గోడౌను, పడుకోనీ అన్న మాట, అన్నీ నవ్విస్తూ చెప్పాను. మా అమ్మ నవ్వలేదు. నా భార్య ఒకటే అడిగింది.

"ఆ పూలు ఏం చేసినారు?"

చెప్పాను. ఆమె లేచి లోపలికి పోయింది. మర్నాడు బస్సు ఎక్కేముందు నా మొహం చూడకుండా, "ఆయమ్మకు నిజం చెప్పండి. చెప్పకుండా మదనపల్లెకు రావద్దండి" అంది.

నాకు పశ్చాత్తాపం కంటే ముందు భయం వచ్చింది. ఆ గడప వేయించినప్పుడు నా భార్యకు ఆరో నెల అన్న సంగతి తిరుగు ప్రయాణంలో బస్సులో లెక్కకొచ్చింది. పలమనేరు దాకా ఆ నెలలే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పూలమ్మే ఆమె మీద జాలితో కాదు, నా ఇంటికి ఏమవుతుందోనన్న బెదురుతోనే నిజం చెప్పడానికి సిద్ధపడ్డాను. ఇది దాచి మిగతాది చెబితే ఈ రాత కూడా అబద్ధమే అవుతుంది.

తర్వాతి సంత రోజున ఆమె రాగానే దగ్గరికి వెళ్లాను. "రాయి గోడౌనులో లేదమ్మా. గడపగా వేయించాను."

ఆమె వాకిలి వైపు చూసింది. ఇద్దరు ముగ్గురు లోపలికీ బయటికీ నడుస్తున్నారు.

"అచ్చరాలు?"

"కిందికి ఉన్నాయి."

"అంటే ఆ వాన పొద్దు నేను…" అని ఆగిపోయింది. తన పాదాలు చూసుకుంది. తర్వాత తల ఎత్తి, "రెండు నెల్లు పూలు తీసుకుంటివి గదప్పా" అంది. గొంతు పెంచలేదు.

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడు యాల చెప్తాండావు? మీ ఇంట్లో ఎవురన్నా కడుపుతో ఉండారా?"

"నా భార్య."

"ఎన్నో నెల?"

"తొమ్మిదో నెల."

తిడుతుందనుకున్నాను. మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాను. పోసినా బాగుండేది. "ఇప్పుడే తవ్వించి నిలబెడతాను" అని గడ్డపార కోసం కేక వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"వద్దు. కడుపుతో ఉండేదాని మొగుడు గడప పెరకగూడదు. మీ అమ్మ చెప్పలేదా నీకు? బిడ్డ పుట్టి పురుడు వెళ్లినాక పెరికి నిలబెట్టు. అంతవరకూ మా అక్క తాళుకుంటాదిలే."

గడప పెట్టించినప్పుడూ నా భార్య కడుపుతోనే ఉందన్న మాట నా నోట రాలేదు. ఆమె వాకిలి దగ్గరికి పోయి లోపలికి వస్తున్న వాళ్లతో, "పచ్చి సిమెంటు, తొక్కొద్దండి, దాటి పోండి" అని చెప్పింది. సిమెంటు ఆరి రెండు నెలలు దాటింది. బండి వచ్చేదాకా అక్కడే నిలబడి ఆ మాటే చెబుతూ ఉంది.

మదనపల్లెలో నాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని తంతి వచ్చింది. ఆ తంతి చదువుతుండగానే నా భయం పోయింది. భయంతో పాటు ఇంకేదో కూడా పోయిందని అప్పుడు గమనించలేదు. బారసాలకు వెళ్లి వచ్చేసరికి స్టేషను పని అప్పజెప్పడం అయిపోయింది. ఇప్పుడు గడప పెరకాలంటే ఎందుకో రైల్వేవాళ్లకు రాసివ్వాలి. రాసివ్వాలంటే సమాధి లాంటి రాయిని తెచ్చి వాకిలికి వేశానని ఒప్పుకోవాలి. కాంట్రాక్టరు నన్ను మదనపల్లె దగ్గరి పనికి మార్చాడు. భార్యాబిడ్డలకు దగ్గర, నేను సంతోషంగా ఒప్పుకున్నాను. సామాను సర్దుతుంటే మేస్త్రీ వచ్చాడు.

"పురుడు వెళ్లింది గదా సార్" అన్నాడు.

"వచ్చే వారం వస్తాను" అన్నాను.

వెళ్లలేదు. ఆ వారం కాదు, ఆ ఏడాది కాదు. రాయి నిలబెట్టించి వచ్చానని నా భార్యకు చెప్పాను. ఆమె నమ్మింది. అమ్మలక్కలకు ఆ సంగతి చెప్పి, మా ఆయన మాట నిలుపుకున్నాడని పొంగిపోయేది. నేను ఆ మాటలు వినబడని చోటికి లేచి వెళ్లేవాణ్ణి. కుప్పం వైపు పనులు వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఎనభైల చివర మా అమ్మాయి పెద్దమనిషి అయింది. నా భార్య పట్టుబట్టింది. పిల్లను ఆ రాయి దగ్గరికి తీసుకుపోయి గంపెడు పూలు దింపించి రావాలంది. ముందు నేను పోయి చూసి వస్తానని ఒక్కణ్ణే బయలుదేరాను. నా ఆలోచన ఏమిటంటే, ఎట్లాగైనా ఒక రాయి నిలబెట్టించి, తర్వాత వాళ్లను తీసుకురావడం. అప్పటికీ నాకు కావలసింది అబద్ధం బయటపడకుండా ఉండటమే.

మధ్యాహ్నం బండిలో దిగాను. హాలు గోడలకు కొత్త రంగు వేశారు. నేను కట్టించిన మెట్ల పైన, పక్కగా, ఆమె కూర్చొని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన గంప లేదు. కింది నుంచి ఒక పడుచు బుట్టతో మెట్లెక్కి వచ్చింది. ఆమె లేచి, రెండు చేతులూ పైకెత్తి బుట్టకు ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి కిందికి దించారు. మళ్లీ కూర్చుంది. ఇంకొకరు వచ్చారు. మళ్లీ లేచింది.

దగ్గరికి వెళ్లాను. తేరిపార చూసింది.

"ఓవర్సీరప్పా. ఏం బిడ్డ పుట్టె?"

"ఆడబిడ్డ. పన్నెండేళ్లు."

"బాగుండాదా?"

"బాగుండాది."

"ఇంట్లో ఆయమ్మ?"

"ఆమె కూడా బాగుండాది."

"సరిపాయె" అని నిట్టూర్చింది. "నువ్వు మళ్లా రాకపోతే నేను ఏమేమో అనుకుంటి. ఆ పిల్లకు ఏమన్నా అయిందేమో, అందుకే నీకు ఈ దిక్కు రాబుద్ధి కాలేదేమో అని. శానా దినాలు అదే దిగులు."

ఆమె భర్త ఎట్లా ఉన్నాడని అడిగాను.

"ఆయప్ప పోయి మూడేండ్లాయె. పోయేదాకా అడుగుతానే ఉన్నాడు, రాయి యాడుండాదని. గోడౌన్లో ఉండాది, నిలబెడతారంట అని నేనే చెప్పినా. నువ్వు చెప్పిన మాటే."

గడప ఇప్పుడైనా తవ్విద్దామన్నాను, అర్జీ నేను రాస్తానన్నాను. ఆమె వాకిలి వైపు చెయ్యి చూపింది. సామాన్ల తోపుడుబండి చక్రాలు పోయి పోయి పలక నడుమ అడ్డంగా చీలి ఉంది. తవ్వితే రెండు ముక్కలుగా వస్తుంది, దేనిమీదా నిలవదు.

"కొత్తది నిలబెట్టిస్తాను" అన్నాను.

"కొత్త రాయి ఊరికే నిలబెట్టరప్పా. ఒకరు పోతే నిలబెడతారు. మీ ఇంట్లో ఎవురన్నా అట్ల పోయినారా?"

"లేదు."

"లేకపోతే సంతోషం. ఊరకుండు."

"మరి ఈ బరువులు?"

"నేనుండాను గదా. ఏ బండికీ తప్పను. అక్క చేసే పని నేను చేస్తాండా. మోకాళ్లు ఉన్నన్నాళ్లు చేస్తా."

అంతలో చింతపండు బుట్టతో ఒకామె రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఆమె లేచి ఒక పక్క పట్టుకొని, నా వైపు చూడకుండానే, "ఆ పక్క పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఇన్నేళ్ల కట్టడం పనిలో నేను బరువులు ఎత్తించినవాణ్ణే కానీ ఎత్తినవాణ్ణి కాదు. "మెల్లగా, నీ దిక్కు వాలిపోతాండాది" అని ఆమె హెచ్చరించింది. ఎట్లాగో దించాం. నెత్తి ఖాళీ అయిన మనిషి మెడ అటూ ఇటూ తిప్పుకొని, నన్నెవరో అనుకొని దండం పెట్టింది.

నేను తిరిగి వెళ్లాల్సిన బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. మెట్ల మీద ఇంకా ముగ్గురు గంపలతో ఎక్కుతున్నారు. తర్వాతి బండి ఎప్పుడో నాకు తెలుసు, ఇంకో రెండు గంటల్లోనే ఉంది. అయినా సంచి తీసుకొని పరిగెత్తి ఎక్కాను. బండి కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆమె ఒక గంపకు ఒక పక్క చేతులు పెట్టి నిలబడి ఉంది. రెండో పక్క ఎవరూ లేరు.